రెండు మార్కులు కలుస్తాయన్నది నేనే

పదో తరగతికి మార్కులు తీసేసి గ్రేడ్లు పెడతారని స్టాఫ్ రూంలో నెల్లాళ్లుగా ఒకటే చర్చ. గ్రేడ్లు వస్తే ఒక మార్కు, అర మార్కు గొడవలు పోతాయని మా సైన్సు మాస్టారి వాదన. ఎలా పోతాయో నాకు అర్థం కాదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. గీత ఎక్కడ గీసినా దాని కింద ఒక్క మార్కు దూరంలో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లింటికి నాలాంటి తెలిసినవాడొకడు వెళ్లి, తెలియనిది తెలిసినట్టు చెబుతాడు.

మా బంధువుల్లో ఒక కథ చాలా ఏళ్లుగా తిరుగుతోంది. మా అక్క కూతురికి రెండు మార్కుల్లో ఫస్టు క్లాసు పోయిందని, బోర్డువాళ్లు ఆ పిల్ల గొంతు కోశారని. ఏ పెళ్లిలో నలుగురం కలిసినా ఆ మాట వచ్చేది. ఆ కథ చెప్పేవాళ్లలో నా గొంతే పెద్దది. అసలు జరిగింది అది కాదు.

అది తొంభైల మధ్యకాలం. అక్కావాళ్లు గోపాలపట్నంలో ఉండేవారు. బావ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసేవాడు. నేను హిందీ మాస్టారుగా చేరి మూడేళ్లయింది. హిందీకి ఇరవై వస్తే పాసు, మిగతావాటికి ముప్పై ఐదు రావాలి. అందుకని బంధువులు నన్ను ఇరవై మార్కుల మాస్టారనేవారు. ఆ వెటకారం తట్టుకోవడానికి నాకున్న ఆధారం ఒక్కటే. వేసవిలో పేపర్లు దిద్దడానికి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లేవాణ్ణి. ఆ పది రోజుల పనిని ఏడాది పొడుగునా చెప్పుకునేవాణ్ణి.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. వేరే జిల్లాల పేపర్లు కట్టలుగా మా ముందుకొచ్చేవి. నంబరున్న ముక్క అప్పటికే చింపేసి ఉండేది కాబట్టి ఎవరి పేపరో తెలియదు. మా బల్లకు పెద్దగా ఉన్న చీఫ్ ఎగ్జామినర్ మొదటిరోజే చెప్పారు. పద్దెనిమిది, పందొమ్మిది వేసిన పేపరు తన దగ్గరకు తేవద్దు. మళ్లీ చదవాలి. ఎక్కడైనా ఇవ్వదగ్గ మార్కు కనిపిస్తే ఇచ్చి ఇరవై చెయ్యాలి. లేదంటే ఎక్కడ ఉదారంగా వేశామో చూసి తగ్గించాలి. అంచుమీద మాత్రం వదలకూడదు. అలా నా ఎర్ర పెన్నుతో ఎన్ని పందొమ్మిదులు ఇరవైలయ్యాయో లెక్కలేదు. అదంతా ఒక్క పేపరు లోపలి సంగతి, అదీ పాసు వరకే. పిల్లకి మొత్తం మీద ఎంతొచ్చిందో, ఫస్టు క్లాసుకి ఎంత తగ్గిందో చూసే మనిషి ఆ హాల్లో ఎవరూ లేరు. ఇది తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నాకు ఆమాత్రం కూడా లేకపోయింది.

రిజల్ట్స్ పేపర్లో వచ్చాయి. మా మేనకోడలి నంబరు సెకండ్ క్లాసు కింద ఉంది. రెండు రోజులకి బళ్లో మార్కుల చీటీ ఇచ్చారు. మూడు వందల యాభై ఎనిమిది. ఫస్టు క్లాసంటే మూడు వందల అరవై. ఆ పిల్ల చేరాలనుకున్నది ఒక ట్రస్టువాళ్ల ఆడపిల్లల జూనియర్ కాలేజీ. బైపీసీ సీటు, హాస్టలు ఉచితం. ఫస్టు క్లాసు లేనివాళ్లు దరఖాస్తు చెయ్యనక్కర్లేదని గేటు దగ్గర బోర్డు మీదే రాశారు. దానికి నర్సు అవ్వాలని ఉండేది.

బావ పూట సెలవు పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. రీకౌంటింగ్ ఫారం నింపేశాడు, హెడ్మాస్టరు సంతకం కూడా అయిపోయింది. ఇంకా నాలుగు రోజులు గడువుంది.

"బావా, ఇది పెట్టీమంతావా?" అని అడిగాడు.

"ఎందుకు బావా? రెండు మార్కులే కదా, ఆళ్లే కలిపేత్తారు. ఇది ఉట్టి చీటీ. అసలు మెమో వచ్చీసరికి మూడొందల అరవై ఉంటాది."

"నికరమేనా?"

"నాను ఆ పని సేత్తన్నోణ్ణి. నాకు తెలీదేటి?"

పక్కనే ఉన్న పిల్ల, సోషల్‌లో యాభై రెండు ఎలా వచ్చిందో తెలియడం లేదని, ప్రశ్నలన్నీ రాశానని మెల్లిగా అంది. అన్నీ రాసినోళ్లందరికీ నూరేసి మార్కులు వేత్తారేటి అని నవ్వాను.

నాకు తెలియకే అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. రీకౌంటింగ్ పెట్టేవాళ్లంటే మా మాస్టర్లకి చిరాకు. కూడికలో తప్పు దొరికితే దిద్దినవాడికి సంజాయిషీ నోటీసు వస్తుంది. టీ తాగుతూ ఆ తల్లిదండ్రుల మీద జోకులు వేసుకునేవాళ్లం. ఆ ఫారం పట్టుకుని నిలబడ్డ బావని కూడా నేను ఆ కంటితోనే చూశాను.

బావ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడువు దాటింది, కాలేజీలో సీట్లు నిండాయి. తర్వాతెప్పుడో వచ్చిన అసలు మెమోలో కూడా మూడు వందల యాభై ఎనిమిదే ఉంది. ఇక నేను బోర్డుని తిట్టడం మొదలుపెట్టాను. దిక్కుమాలిన కంప్యూటర్లన్నాను, మనల్ని పట్టించుకునే నాథుడు లేడన్నాను. అందరూ ఔనన్నారు. సైన్సు సీట్లు అప్పటికే అయిపోవడంతో పిల్ల ప్రభుత్వ కాలేజీలో సీఈసీలో చేరింది. ఇప్పుడు ఒక పిల్లల డాక్టరు దగ్గర కూర్చుని రోగుల పేర్లు రాస్తోంది.

బావ కిందటేడు పోయాడు. రెండు నెలల కిందట ఒక ఆదివారం మేనకోడలి ఇంటికి వెళ్లి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న దాని ఎదురుగా కూర్చుని ఉన్నదంతా చెప్పాను. అది చెయ్యి ఆపలేదు.

"నాన్నకి తెలుసు మావయ్యా. గడువు దాటిన మర్నాడే డీఈవో ఆఫీసుకెల్లి అడిగీసొచ్చినాడు. పాసుకే గాని క్లాసుకి కలపరని సెప్పీసినారట. ఫారం పుచ్చుకోమంతే పుచ్చుకోలేదు."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అమ్మకి కూడా సెప్పనివ్వలేదు. మాకు తెలుసని నీకు తెలిస్తే నువ్వు మల్లీ మా గుమ్మం తొక్కవని. నువ్వు బోర్డోళ్లని తిడతన్నప్పుడల్లా బీడీకని లేసి బయటికెల్లిపోయీవోడు. సూడలేదేటి?"

చూశాను. బోర్డు మీద కోపమనుకున్నాను.

"నాకు సెప్తే ఏటొస్తాది? అందరి ముందూ తిట్టినావు, అందరి ముందూ సెప్పు," అంది.

పోయిన నెల బావ ఏడాది తద్దినానికి అందరూ వచ్చారు. భోజనాలయ్యాక గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రీకౌంటింగ్ పెట్టనివ్వనిది నేనే అన్నాను. మార్కులు కలుస్తాయన్నది కూడా నేనే అన్నాను. అందరూ తలలూపుతూ విన్నారు. మా పెద్దన్నయ్య బావమరిది నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"ఊరుకో బావా. నీది మెత్తటి మనసు. ఆ బోర్డు ఎదవలు సేసిన తప్పు నీ నెత్తిమీదేసుకుంతన్నావ్."

చుట్టూ ఉన్నవాళ్లు ఔనన్నారు. మళ్లీ చెప్పాను. ఎవరో నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. మా మేనకోడలు గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. మూడోసారి చెప్పబోయేసరికి చాపలు ఎత్తేస్తున్నారు.