పళ్ళ డాక్టరు కోసం అడిగిన గుర్తు

ఆ రోజుల్లో నేను దేవుణ్ణి అడగకుండా చెప్పుల జత కూడా కొనేదాన్ని కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు. పాలకొల్లు దగ్గర పల్లె నుంచి సౌదీలోని జిజాన్ వచ్చి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాది. సండే స్కూల్లో కంఠస్థ వాక్యాలకు ఏటా బహుమతి తెచ్చుకున్న పిల్లను కాబట్టి, లేఖనాల్లో పితరులకు దొరికిన గుర్తులన్నీ నాకూ దొరుకుతాయని గట్టి నమ్మకం. (నమ్మకంలో తప్పేమీ లేదు. గుర్తు ఎంచుకోవడంలోనే నా తెలివి అంతంతమాత్రం.)

సెలవు ముగించుకొచ్చిన ఒకామె తెచ్చిన చేగోడీ కొరికితే, పై వరసలో నా ముందు పన్ను సగానికి విరిగింది. వారం తిరిగేసరికి నొప్పి కూడా మొదలైంది. క్రిస్మస్ ఇంకా మూడు వారాలుంది. క్వార్టర్స్‌లో కిటికీలు మూసుకుని, గొంతు తగ్గించి చేసుకునే మా ఆరాధనలో పాటలు ఎత్తేది నేనే. పన్ను విరిగాక నేను 'స్తోత్రం' అన్నప్పుడల్లా ప్రెషర్ కుక్కర్ కూత ఒకటి తోడయ్యేది.

నితాఖాత్ అని కంపెనీలకు రంగులు వేస్తున్న కాలం అది. ఆ దేశపువాళ్ళను తగినంతమందిని పెట్టుకున్న కంపెనీ ఆకుపచ్చ, పెట్టుకోనిది ఎరుపు. దానికి తోడు బయటి దేశాలవాళ్ళ మీద తలకింత అని లెవీ. మా యాజమాన్యం తగ్గించగలిగినవన్నీ తగ్గిస్తూ మా ఇన్సూరెన్స్ కార్డు దాకా వచ్చింది. ఊళ్ళో ఆ కార్డు చెల్లే పళ్ళ క్లినిక్ ఒక్కటే మిగిలింది. అక్కడుండే మంచి డాక్టరు, పెళ్ళాం పిల్లల మీద లెవీ కట్టలేక ఫైనల్ ఎగ్జిట్ వేయించుకుని, ఇక తిరిగి రాకుండా సొంత దేశం వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో వచ్చినాయన నా నోట్లోకి ఒక్కసారి తొంగిచూసి "తీసేద్దాం" అన్నాడు. నిలబెట్టలేమా అని అడిగితే, "నిలబెట్టడానికి నీ కార్డు ఒప్పుకోదు, తీయడానికి ఒప్పుకుంటుంది" అన్నాడు, అప్పటికే పటకారు చేత పట్టుకుని. నేను కుర్చీ దిగి బయటికి నడిచాను.

మా గదిలో పెద్దక్క అని నరసాపురం ఆవిడ ఉండేది. గల్ఫులో పద్దెనిమిదేళ్ళు గడిపిన నర్సు, మా ప్రార్థన గుంపుకు పెద్ద. "కార్డుని పక్కన పెట్టు తల్లీ, బయట చూపించుకుందాం. ముందు పన్నేనాయె, రేపు నవ్వొస్తే మొహానికి చెయ్యడ్డం పెట్టుకుంటావా?" అంది. "ఎవరి దగ్గరికక్కా? బజారు వీధి ఒక్కదాన్లోనే మూడు క్లినిక్కులున్నాయి కదా" అన్నాను. "మోకాళ్ళ మీద అడుగు. ఆయనే చూపిస్తాడు."

అడగడం నాకు ఒకరు నేర్పాలా! పూర్వం ఒక సేవకుడు యజమాని కొడుక్కి పెళ్ళికూతుర్ని వెతుకుతూ బావి దగ్గర నిలబడి, నాకు నీళ్ళిచ్చి నా ఒంటెలకు కూడా పోసే పిల్లే ఆ పిల్ల కావాలని గుర్తు అడిగాడు కదా. నేనూ అదే అడిగాను. ఏ డాక్టరైతే నాకు నీళ్ళిచ్చి, నాతో వచ్చినవాళ్ళకు కూడా ఇస్తాడో, నా పన్ను ఆయన చేతుల్లో పెడతానన్నాను. పైగా ఉపవాసం పట్టాను. పెద్దక్క కూడా మెచ్చుకుంది. ఇద్దరం నర్సులం, ఆ గుర్తులో ఉన్న లోపం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆసుపత్రి వ్యాన్ డ్రైవరన్న మమ్మల్ని ఎక్కించుకున్నాడు. జగిత్యాల వైపు మనిషి, పొద్దున లేస్తే ఆంజనేయస్వామికి దండం పెట్టుకునే భక్తుడు. మొదటి క్లినిక్కులో కుర్చీలో వాలానో లేదో, పక్కనున్న గ్లాసులోకి నీళ్ళు వాటంతటవే బుడబుడా పడ్డాయి. పెద్దక్క "స్తోత్రం!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. నాకు కళ్ళు చెమర్చాయి. డాక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మూడు పళ్ళు అరగదీసి తొడుగు వేయాలన్నాడు. పుక్కిలిస్తే ఉపవాసం పోతుందా అని నేను గుసగుసగా అడిగితే, "ఉమ్మేస్తే పోదు" అని పెద్దక్క అక్కడికక్కడే తీర్పు చెప్పింది. ఆ సంతోషం పట్టలేక బయటికొచ్చి ఈ సంగతంతా డ్రైవరన్నకు చెబితే, స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు.

"ఏంది సిస్టర్, గా నీళ్ళు ప్రతి పండ్ల డాక్టర్ ఇస్తడు. పుక్కిలించి ఊంచనీకి ఇస్తడు!"

"మరి ఒంటెలకు ఇవ్వలేదుగా" అంది పెద్దక్క తడబడకుండా. "పద తమ్ముడూ, రెండో దానికి."

"అంటే, గా ఒంటె నేనేనా అక్కా?"

రెండోచోట హాల్లో మంచినీళ్ళ మిషన్ ఉంది. పాపం, డ్రైవరన్న నా కోసమని లోపలికొచ్చి దాహం లేకపోయినా రెండు గ్లాసులు తాగాడు. గుర్తు నూటికి నూరుపాళ్ళూ నెరవేరింది. కానీ ఆ డాక్టరు నా పన్ను చూడకముందే, కార్డు లేదా, ఎంత పెట్టుకోగలవు అని మొదలుపెట్టాడు. నా మనసు ఒప్పుకోలేదు. జవాబు వచ్చాక కూడా సందేహిస్తున్నానే అని భయం ఒకవైపు, పన్ను పోటు ఇంకోవైపు.

మూడోచోట ఒక సూడాన్ పెద్దావిడ ఉంది. నన్ను కూర్చోబెట్టి, అద్దంతో చాలాసేపు చూసి, చిన్న సుత్తిలాంటిదానితో తట్టి, "ఇది బతుకుతుంది బిడ్డా, ఎవరు తీస్తానన్నారు?" అంది. అంతలోనే చేతులు చాచి, "ఈరోజు మాఫీ మోయా. ట్యాంకర్ రాలేదు. చుక్క నీళ్ళు లేవు, రేపు రా" అంది. పెద్దక్క లేచి నిలబడింది. "ఇంకేం స్పష్టంగా చెప్పాలమ్మా? నీళ్ళే లేవంటుంది. పద."

"అక్కా, జర ఆగు" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ డ్రైవరన్న. "అండ్ల ఒకడు కమాయించనీకి జూసిండు, ఇంకోడు పైసలు జూసిండు. గీ అమ్మ ఒక్కతే పన్ను జూసింది. రేపటిదాక సిస్టర్ నొప్పికి ఆగుతదా? నీళ్ళే కదా!" అని వెళ్ళి, పక్కనున్న బకాలా కొట్టు నుంచి నీళ్ళ సీసాల కార్టన్ భుజాన వేసుకొచ్చి కుర్చీ పక్కన దించాడు.

డాక్టరమ్మ నవ్వింది. నేను ఏడ్చాను. పెద్దక్క మాత్రం తల పట్టుకుని కూర్చుంది. పద్దెనిమిదేళ్ళ బోధలో ఒంటె నీళ్ళు మోసుకొచ్చిన సందర్భం ఆమెకు తగల్లేదు. చివరికి, "ఆయన ఇష్టం. ఎవరి చేత ఇప్పిస్తాడో మనమా చెప్పేది!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ సీసాల నీళ్ళతోనే పుక్కిలిస్తూ నరం బాగు చేయించుకున్నాను. క్రిస్మస్‌కు పన్ను మీద తొడుగుతో, కూత లేకుండా పాడాను.

ఆ పన్ను ఇప్పటికీ నాతోనే ఉంది. ఇప్పుడు డాక్టరు కావాలంటే ఫోన్లో ఎవరికి ఎన్ని రేటింగు చుక్కలున్నాయో చూసి, రెండు నిమిషాల్లో అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. దేవునికి షరతులు పెట్టడం కూడా మానేశాను, అది మంచిదే. కానీ ఆకలి కడుపుతో, విరిగిన పన్నుతో, ఈ పూటే జవాబు వస్తుందని వీధి పొడుగునా గుమ్మం తర్వాత గుమ్మం ఎక్కిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వుతోపాటు కాస్త అసూయ కూడా కలుగుతుంది. నేను ఇప్పుడు ఆమె కంటే జాగ్రత్తగా ప్రార్థిస్తున్నాను. ఆమె అంత ఎదురుచూపుతో మాత్రం కాదు.