నిమ్మకాయంత విశ్వాసం

తొమ్మిదేళ్లుగా ఒక ప్రార్థన నా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను.

ముందే చెబుతున్నాను. జాలి కోసం రాయడం లేదు. క్షమాపణ కోసం అసలే కాదు. మా చర్చిలో క్షమాపణ చాలా తేలిగ్గా దొరుకుతుంది. ఆదివారం ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంటే చాలు, పాస్టర్‌గారు తల మీద చెయ్యి వేస్తారు, ఆంటీలు కళ్లు తుడుచుకుంటారు, తర్వాత అందరం కింది హాల్లోకి దిగి చికెన్ బిర్యానీ తింటాం. నాకది వద్దు. నేను చేసిన పని బిర్యానీతో తేలిపోయేది కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడాను. సరదాకి కాదు. మెల్‌బోర్న్‌లో ఒక క్లబ్బుకి, జీతం తీసుకుని, ఆరు సీజన్లు, మిడ్‌ఫీల్డర్‌గా. అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్ నుంచి, తెలుగు చర్చిలో పాటలు పాడే పిల్ల వెళ్లి ఆడిందంటే మావాళ్లే చాలాకాలం నమ్మలేదు. రగ్బీయా అని అడిగేవారు. కాదు. కోలగా ఉండే బంతి, గుడ్డు ఆకారంలో పెద్ద మైదానం, తలకు హెల్మెట్ ఉండదు. అంపైర్ బంతిని నేలకేసి కొడితే అది పైకి లేస్తుంది. రెండు జట్లలోంచీ ఒక్కో పొడుగు మనిషి దానికోసం ఎగురుతుంది. ఆ మనిషిని రక్ అంటారు. రక్ అరచేత్తో బంతిని తట్టి కింద కాచుకుని ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి అందిస్తుంది. అక్కడినుంచి మా పని. బంతి ఎక్కడుంటే అక్కడ ఉండాలి, మనుషుల గుంపులోంచి దాన్ని బయటికి లాగాలి, ఊపిరి అందకపోయినా మళ్లీ పరుగెత్తాలి. నాకు ఆ పని వచ్చు. బాగా వచ్చు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడను.

నా రక్ పేరు కెజియా. అది నిజం పేరు కాదు.

కెజియా ట్రాయ్‌లోనే పుట్టింది. నేను పదకొండో ఏట గుంటూరు నుంచి వచ్చాను. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాని రోజుల్లో సండే స్కూల్లో నా పక్కన కూర్చున్నది ఆమె ఒక్కతే. తెలుగు గడగడా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. మనిషి దాదాపు ఆరడుగులు. "ఈ తాటిచెట్టుకి మొగుణ్ణి నిచ్చెనేసి వెతకాలి" అని వాళ్లమ్మ రత్నం ఆంటీ అందరిముందూ అనేది. కెజియా నవ్వేది. కాలేజీ రోజుల్లో మా పేట పార్కులో కొందరు ఆస్ట్రేలియన్ ఇంజనీర్లు ఈ ఆట ఆడుతుంటే చూడ్డానికి ఆగాం. ఆమె పొడుగు చూసి వాళ్లు ఆమెను పిలిచారు. ఆమె నన్ను కూడా లాక్కెళ్లింది. నన్నెవరూ పిలవలేదు. అయినా నాలుగేళ్లకు ఆట నాకు పిచ్చి అయింది, ఆమెకు శనివారం సరదాగానే ఉండిపోయింది. ఆమెకు ఫార్మసిస్ట్ కావాలని ఉండేది. అప్పటికి ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతోంది.

మాకొక అలవాటు ఉండేది. ప్రతి మ్యాచ్‌కి ముందు ఒకరి తల మీద ఒకరం చెయ్యి పెట్టి తెలుగులో అర నిమిషం ప్రార్థన చేసుకునేవాళ్లం. మా చర్చిలో పిల్లల పరీక్షలకీ, పెద్దల వీసా ఇంటర్వ్యూలకీ అలాగే చేస్తారు. మా జట్టు ట్రైనర్ నీల్, దెబ్బలకు కట్లు కట్టే ముసలాయన, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అంతసేపూ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడేవాడు. చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదనే నేను వాడుకున్నాను.

ఆరోజు టోర్నమెంట్ చివరి మ్యాచ్. మెల్‌బోర్న్ నుంచి ఒక స్కౌట్, క్లబ్బుకి ఆటగాళ్లను ఏరే మనిషి, వచ్చి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను చూడ్డానికే వచ్చిందని కోచ్ పొద్దున్నే చెప్పాడు. సగం ఆట కావస్తుండగా కెజియా బంతికోసం ఎగిరి పడింది. పడేటప్పుడు అవతలి అమ్మాయి మోకాలు ఆమె కణతకు తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదు. లేచింది. కానీ మావైపు కాకుండా అవతలి జట్టు వైపు నడిచింది.

నీల్ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి పరీక్ష పెట్టాడు. ఐదు మాటలు చెప్పి, పది నిమిషాలాగి మళ్లీ అడుగుతానన్నాడు. అవి చెప్పలేకపోతే ఆట బంద్. కుర్చీ, నిమ్మకాయ, దుప్పటి, గుర్రం, సబ్బు. ఇంగ్లీషులోనే చెప్పాడనుకోండి. నేను పక్కనే నీళ్లు తాగుతూ విన్నాను. హాఫ్ టైమ్ మొదలైంది. నీల్ ఇంకెవరి కాలికో కట్టు కడుతుంటే ఆమె పక్కన కూర్చున్నాను.

"కెజీ, ఆ వర్డ్స్ గుర్తున్నాయా?"

"ఏ వర్డ్స్?" అంది.

నేను వినాల్సిన జవాబు అదే. అక్కడ ఆగిపోవాలి. ఆగానా?

"నీల్ చెప్పాడుగా. నువ్వు ఆడతావా, లేదా?"

"ఆడతా. ఐ'మ్ ఫైన్. లైట్ ఏంటి ఇంత బ్రైట్‌గా ఉంది?"

ఆడతా అన్న మాట ఒక్కటే పట్టుకున్నాను. ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని వేలాడాను. ఆమే అడిగింది కదా, ఆమే కోరుకుంది కదా అని. ఏ మాటలని అడిగిన మనిషి కోరిక ఎంతవరకు కోరిక? ఆమె లేకపోతే మా రెండో రక్ ఉంది. పొట్టిది. బంతిని ఎటు తడుతుందో దానికే తెలియదు. స్కౌట్ రెండో సగమంతా ఖాళీగా చేతులు చాచి నిలబడే మిడ్‌ఫీల్డర్‌ని చూసి లేచి వెళ్లిపోతుంది. నాకు ఇరవై నాలుగేళ్లు. ఇంకో స్కౌట్ రాదు. ఇదంతా ఆలోచించడానికి నాకు బహుశా రెండు గుటకల నీళ్లు తాగేంత సేపు పట్టింది.

ఆ ఐదు మాటలు రాసుకున్న కార్డు పట్టుకుని నీల్ రాగానే లేచాను. "నీల్, ఒక్క నిమిషం. ప్రేయర్ చేసుకోవచ్చా?" అని అడిగాను. ఆయన టోపీ తీశాడు.

కెజియా తల మీద చెయ్యి పెట్టాను. చెమటతో తడిగా ఉంది. కళ్లు మూసుకుని గొంతు కాస్త పెంచాను.

"ప్రభువా, నీ బిడ్డను నీ సన్నిధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టు. ఆమెకు నిమ్మకాయంత విశ్వాసం దయచెయ్యి. నీ కృప అనే దుప్పటి కప్పు. యుద్ధ దినాన గుర్రం వలె లేపు. సబ్బుతో కడిగినట్టు నొప్పిని కడిగెయ్యి. ఆమెన్."

బైబిల్లో ఆవగింజంత విశ్వాసం గురించే మనం విన్నాం. నిమ్మకాయంత విశ్వాసం ఎవరూ అడగరు. ఒక్కో మాట దగ్గర నా వేళ్లతో ఆమె తలను గట్టిగా నొక్కాను, గుర్తుండాలని. దెబ్బ తగిలిన తలను. నీల్ కూడా ఆమెన్ అన్నాడు.

తర్వాత అడిగాడు. ఆమె కళ్లు మూసుకునే వరసగా చెప్పింది. చైర్, లెమన్, బ్లాంకెట్, హార్స్, సోప్. ఆయన నవ్వి భుజం తట్టి పంపించాడు.

ఆ రెండో సగంలో ఆడినంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. తొమ్మిదిసార్లు ఆమె బంతిని తిన్నగా నా ఒళ్లో వేసింది. బుర్ర పనిచేయకపోయినా ఆ చేతికి నేనెక్కడుంటానో తెలుసు. చివర్లో ఇంకో దెబ్బ తగిలింది, మామూలు భుజం దెబ్బ. తనే లేచింది. వ్యాన్‌లో తిరిగొస్తూ రెండుసార్లు కక్కుకుంది. మనం గెలిచామా అని నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ గెలిచామని చెప్పాను. నిజమే కదా, గెలిచాం.

మూడు వారాలకు నాకు మెల్‌బోర్న్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ వారమే ఆమె ఫార్మసీ కాలేజీలో సెలవు పెట్టింది. అక్షరాలు కదులుతున్నాయట. ఆ సెలవు ఇంతవరకూ ముగియలేదు.

నా ఆరు సీజన్లూ దొంగసొత్తు అంటారా? అనండి. దొంగతాళంతోనే తలుపు తీశాను, కాదనను. కానీ లోపల పరుగెత్తినవి నా కాళ్లు. వానలో, బురదలో, పక్కటెముక చిట్లినా నెమ్ము పట్టినా బంతి కింద తల పెట్టింది నేను. అదంతా అబద్ధమని ఏడ్చి చూపించమంటే చూపించను. నేను చేసిన తప్పు చాలు, చేయని తప్పులు కూడా మోయమనకండి.

అయితే ఒకటుంది. క్లబ్బులో మొదటి వారమే డాక్టరు మా అందరినీ కూర్చోబెట్టి తల దెబ్బల గురించి చెప్పింది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ఏమవుతుందో బొమ్మలు గీసి మరీ చూపించింది. చివర్లో ఐదు మాటలు చెప్పి పది నిమిషాలకు అడిగింది. ఐదూ చెప్పాను. మూడో సీజన్లో నా తలకే దెబ్బ తగిలితే, నేను బాగున్నానని అరుస్తున్నా వినకుండా ఆమె నన్ను చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చి మూడు వారాలు కూర్చోబెట్టింది. ఆమెకు నేను ఏమీ కాను. కెజియా నాకు ఏమవుతుంది? ఆ మూడు వారాలూ చీకటి గదిలో ఈ ఒక్క ప్రశ్నే. ఫోన్ చేసి చెప్పొచ్చు. చేశాను కూడా. ఎలా ఉన్నావని అడిగి పెట్టేశాను.

ఇక చర్చి సంగతి. ప్రతి ఏడాది కృతజ్ఞతా కూడికలో రత్నం ఆంటీ లేచి సాక్ష్యం చెబుతుంది. "నా బిడ్డ గ్రౌండులో పడిపోయిందండీ. ఈ అమ్మాయి తల మీద చెయ్యేసి ప్రార్థన చేసిందండీ. అప్పటికప్పుడే లేచి పరిగెత్తిందండీ. తర్వాత వచ్చిన తలనొప్పి సైతాను శోధన. దేవుడు మాత్రం ఆరోజు కార్యం చేశాడు." అందరూ ఆమెన్ అంటారు. రెండేళ్ల కిందట మోకాలు పోయి ఆట వదిలేసి వచ్చాక నేనూ ఆ హాల్లో కూర్చుని విన్నాను. నేనూ ఆమెన్ అన్నాను. కెజియా చివరి వరసలో కూర్చుంటుంది, నల్ల కళ్లద్దాలతో. పాటలు మొదలయ్యే ముందు చెవుల్లో నారింజరంగు ప్లగ్గులు పెట్టుకుంటుంది. ముప్పై రెండేళ్ల మనిషి. ఆరాధన అయ్యాక ఆంటీ నన్ను లాక్కెళ్తుంది. "నీ చెయ్యి మంచిదమ్మా, ఇంకోసారి ప్రార్థన చెయ్యి" అంటుంది. చేస్తాను. రెండేళ్లుగా, ఆదివారం ఆదివారం, ఆ తల మీదే చెయ్యి పెట్టి చేస్తున్నాను.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. కర్టెన్లు వేసి ఉన్నాయి. మాటల మధ్యలో ఆ మ్యాచ్ సంగతి వచ్చింది. ఆరోజు ఏమీ గుర్తులేదని ఎప్పుడూ అంటుంది. ఈసారి ఇంకో మాట అంది.

"నీ ప్రేయర్ మాత్రం గుర్తుంది తెలుసా. అదొక్కటే. హెడేక్ బాగా వచ్చినప్పుడు అదే చెప్పుకుంటా. కుర్చీ వేసి కూర్చోబెట్టు, నిమ్మకాయంత విశ్వాసం... ఎందుకు నిమ్మకాయో తెలీదు. బట్ ఇట్ హెల్ప్స్."

మొత్తం చెప్పింది. ఒక్క మాట పోలేదు.

చెప్పకు, ఆమెకు మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా లాక్కోకు అని మీరు అనవచ్చు. నేనూ ఒక నెలంతా అదే అనుకున్నాను. ఎంత దయగా ఉందో చూడండి ఆ ఆలోచన. ఎంత హాయిగా నన్ను కాపాడుతోందో. ఒకసారి ఆమెకు ఏది మంచిదో నేనే నిర్ణయించాను. రెండోసారి ఆ పని చెయ్యను. అది ప్రార్థన కాదని, పరీక్షలో అందించిన కాపీ చీటీ అని తెలుసుకునే హక్కు ఆమెది. తెలిసి కూడా చెప్పుకుంటుందో, నా మొహాన ఉమ్మేస్తుందో, అదీ ఆమె ఇష్టం.

ఇదంతా రాశాక ఇప్పుడు ఒకటి గమనించాను. తెలుగులో రాశాను. ఆరోజు నీల్‌కి అర్థం కాని భాషలో మోసం చేశాను. ఇవాళ ఆమె చదవలేని అక్షరాల్లో ఒప్పుకుంటున్నాను. బుద్ధి ఎక్కడికి పోతుంది?

కాబట్టి మీకు చెప్పినంత మాత్రాన సరిపోదు. శనివారం ఈ కాగితాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్తాను. ఆంటీని కూడా కూర్చోమంటాను. పెద్ద గొంతు కెజియాకు పడదు కనక మెల్లగా, మొదటి వాక్యం నుంచి చదువుతాను. ఐదు మాటల దగ్గరికి వచ్చేసరికి కెజియాకు అర్థమైపోతుంది. తెలివైన పిల్ల. అక్కడ ఆపమన్నా చివరిదాకా చదువుతాను. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ముందుగా బేరాలు ఆడను.

ముల్లు బయటికొచ్చింది. గొంతు మండుతూనే ఉంది కానీ ఊపిరి ఆడుతోంది. ఆమె ఏడిస్తే ఎదురుగా కూర్చుంటాను. తల మీద మాత్రం చెయ్యి పెట్టను.