బాపు పళ్ళకు పెట్టిన పరీక్ష

మా అమ్మాయి సంబంధం ఖాయమైనప్పటి నుంచి మా నాన్న, బాపు, కట్టుడు పళ్ళు నాకు పెద్ద తలనొప్పి అయ్యాయి. గట్టిగా మాట్లాడితే చాలు, కింది సెట్టు లేచి వచ్చేది. వియ్యాలవారేమో కొంపల్లిలోని మా ఇంటికి దావత్‌కు వస్తున్నారు. ఇంటి పెద్దగా బాపు వాళ్ళ పక్కన కూర్చుని మొదటి ముద్ద తినాలి. మటన్ ముట్టకపోతే అలిగాడనుకుంటారు. తింటుండగా పళ్ళు ఊడి కంచంలో పడితే? ఆ ఊహకే నాకు తల కొట్టేసినట్టయ్యేది.

మెడికల్ షాపులో సెట్టు అంటించే మందులు ఏమేం ఉన్నాయో అన్నీ తెచ్చాను. పౌడరు, క్రీము, పలచటి పట్టీలు. మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బాపును ముందే పిలిపించుకుని, రోజుకొకటి పెట్టి, కాల్చిన మక్క కంకి చేతికిచ్చాను. పౌడరు చాయ్ తాగేదాకే ఆగింది. క్రీము కాస్త నయం, కానీ పక్కల నుంచి కారింది. "ఏందే, నోట్ల గోందు పోసినట్టున్నది" అని ఆ జిగురుకు బాపు మొహం చిట్లించాడు. పట్టీ మాత్రం, అబ్బ, కంకి మొత్తం అయిపోయినా కదల్లేదు.

"పట్టిందా బాపూ?"

"మస్తు పట్టింది బిడ్డా."

నాకు నమ్మకం చాలక మర్నాడూ పట్టీయే పెట్టి, మళ్ళీ కంకి ఇచ్చాను. "ఇగ చాలు తియ్యి" అన్నాడు. "దావత్ల నా ఇజ్జత్ తీస్తవా ఏంది?" అని కసిరాను. బాపు కంకి మొత్తం నమిలాడు.

దావత్ నాడు వియ్యంకుడు గిన్నెలో వెతికి మరీ మూలుగ నిండిన నల్లి బొక్క తీసి బాపు కంచంలో వేశాడు. బాపు కొరికాడు, జుర్రాడు, నవ్వాడు. వాళ్ళు సంబరపడ్డారు. నేనైతే గాల్లో తేలిపోయాను.

వాళ్ళు వెళ్ళాక, కడుగుదామని సెట్టు అడిగాను. బాపు అటు తిరిగి తీశాడు. పట్టీ ఎర్రగా ఉంది. నోరు చూపించమని బతిమాలితే తెరిచాడు. కింది చిగుళ్ళ పొడవునా పుండు. అది ఆ ఒక్క రోజుది కాదు.

"నొస్తాందని చెప్పొద్దా బాపూ?"

"నువ్వు పట్టిందా అనే అడిగినవ్ గద బిడ్డా."

నిష్ఠూరమాడినా బాగుండేది. మామూలుగా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నంలో సల్ల పోసి, మెత్తగా పిసికి తెచ్చిచ్చాను. అదీ మింగలేక మింగాడు.

ఆ పుండు మానీ మానకముందే వియ్యాలవారు మమ్మల్ని తిరుగు దావత్‌కు పిలిచారు. బాపును ఇంట్లోనే ఉంచి, ఒంట్లో బాగాలేదని చెబుదామనుకున్నాను. బయల్దేరే వేళకు ఆయన తెల్ల ధోతి కట్టుకుని, పట్టీల డబ్బా పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"గీ గట్టిదే పెట్టు బిడ్డా. నీ ఇజ్జత్ పోనియ్య."

ఆ డబ్బా అందుకోవడానికి నా చెయ్యి లేవలేదు.