యాదమ్మ ఎత్తుకున్న చరణం

ఎండుమిర్చి ఘాటు తగిలితే ఎవరికైనా తుమ్ములొస్తాయి, నాకు మాత్రం యాదమ్మ గుర్తొస్తుంది. నిన్న ఉప్పల్ బజారులో కారం గిర్నీ ముందు నుంచి నడుస్తుంటే మళ్లీ అంతే అయింది. కళ్లలో నీళ్లు ఘాటుకేనని పక్కనున్న అమ్మతో అన్నాను, ఆమె నమ్మలేదు.

నాచారంలో మేం అద్దెకున్న ఇంటి వెనక గదిలో ఉండేది యాదమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. పొద్దంతా గిర్నీలో మిరపకాయలు పట్టి, కనురెప్పల దాకా ఎర్రటి పొడితో ఇంటికొచ్చేది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పూల పచ్చి వాసనతో, నువ్వుల ముద్దల తీపితో వాకిలి నిండిపోయాక, ఆమె చరణం ఎత్తుకునేది, మేమంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టి ‘ఉయ్యాలో’ అనేవాళ్లం. అందరూ పాడే పాటలు కావవి. ఆ ఏడు బస్తీలో ఎవరికి ఏ కష్టం వచ్చిందో అదే కట్టి పాడేది, మూతపడ్డ ఫ్యాక్టరీ, మౌలాలి రైలు పట్టాల మీద పోయిన మనిషి, అన్నీ. పండగ పూట ఈ ఏడుపేంటని సణిగినవాళ్లే అందరికంటే ముందొచ్చి నిలబడేవాళ్లు.

మాది తెనాలి వైపు. అమ్మ మొదట్లో గుమ్మం దిగేది కాదు. పేరైనా పెట్టకముందే మా తమ్ముడు చనిపోయిన ఏడు, నాన్న వాడి బట్టలు ఎవరికో ఇచ్చేసి, ఇక ఇంట్లో వాడి మాట ఎత్తొద్దన్నాడు. ఆ పండక్కి యాదమ్మ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

“జర రా అక్కా. పిలగాని దుఃఖం లోపల్నే వెట్టుకుంటే ఎట్ల?”

ఆ సాయంత్రం వాడి మీద చరణం కట్టి పాడింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లంతా మా తమ్ముడికి ఉయ్యాలో అన్నారు. అమ్మ అందరి ముందూ ఏడ్చింది. అప్పట్నుంచి ఏటా ఆ చరణం పాడించుకోనిదే ఆమెకు పండగ కాలేదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో యాదమ్మను ధూంధాం పాటల వేదికలెక్కించారు. ఘట్‌కేసర్ దాకా వెళ్లి పాడింది. క్యాసెట్ చేస్తానని వచ్చినాయన సంతోషంగా ఉండేవి పాడమంటే, “గవి నాకు రావన్నా” అని లేచి వచ్చేసింది. అప్పటికే గొంతు బొంగురు. గిర్నీ మానెయ్యమని అమ్మ పోరేది.

“మానితే ఏం తినాలె అక్కా? పాట కడుపు నింపుతదా?”

రాష్ట్రం వచ్చాక మొదటి బతుకమ్మకు వాకిలి కిక్కిరిసింది. యాదమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మీరెవరైనా ఎత్తుకోండని చేత్తో సైగ చేసింది. ఇన్నేళ్లూ అందరం ఆమె వెనక ఉయ్యాలో అన్నవాళ్లమే, చరణాలు ఒక్కరికీ రావు. చప్పట్లు కాసేపు సాగి ఆగిపోయాయి. ఎవరో స్పీకర్ డబ్బాలో పాటలు పెట్టారు. ఆ చలికాలమే యాదమ్మ పోయింది.

ఇప్పుడా వాకిలి లేదు, అపార్ట్‌మెంట్ పార్కింగ్ ఉంది. నిన్న ఇంటికొస్తూ అమ్మ ఆ గేటు దగ్గర ఆగింది.

“వాడి చరణం ఎలా మొదలవుద్దే?”

చాలాసేపు వెతుక్కున్నాను. తమ్ముడికి పేరు లేదు, ఫొటో లేదు, వాడి మీద ఈ లోకంలో ఉన్నది ఆ చరణం ఒక్కటే. నాకు రాలేదు. అమ్మే రెండు చేతులూ కలిపి మెల్లగా చప్పట్లు మొదలుపెట్టింది, ఆ గేటు ముందు నిలబడి ఇద్దరం ఉయ్యాలో, ఉయ్యాలో అన్నాం.