నాయనమ్మ చూసేసిన బొమ్మ

మా బాబాయికి కాలు ఒకచోట నిలిచేది కాదట. అందుకే ఇంట్లో అందరూ బొంగరం అనేవారు. అలాంటివాడు యుద్ధానికి వెళ్లే ముందు ఆకుపచ్చ మఫ్లరు చుట్టుకుని, మా పెదనాన్న కెమెరా ముందు ఊపిరి బిగబట్టి రాయిలా నిలబడ్డాడు. రంగుల ఫొటోలు అప్పుడప్పుడే వచ్చిన రోజులవి. బొమ్మ గాజుపలక మీద పడేది. దానికి నకలు తీయడం కుదరదు. వెనక దీపం పెడితేనే రంగులు కనబడతాయి, ఆ దీపానికే రంగులు చస్తాయి. ఎంత దిక్కుమాలిన విద్యో చూడండి.

బాబాయి తిరిగి రాలేదు. శవమైనా రాలేదు.

పెదనాన్న స్టూడియోలో పలకలు కడిగి, ఆరబెట్టి, చీకట్లో దాచే పనంతా మా పెద్దమ్మదే.

"అది బయటికి తీశావంటే ఊరుకోను. వాడిది మిగిలిందదొక్కటే" అని పెదనాన్న ఆమెకు గట్టిగా చెప్పి, బాంబులు పడ్డ వీధుల్ని ఫొటోలు తీయడానికి వెళ్లేవాడు. అది సర్కారు పురమాయించిన పని. ఆ కెమెరాకు కదిలేవాళ్లు చిక్కరు. ఏడుస్తూ పరుగెత్తేవాళ్లు పొగలా చెరిగిపోయేవారు. కూలిన గోడలూ, పడి ఉన్న శవాలూ మాత్రం స్పష్టంగా వచ్చేవి.

ఆయన గడప దాటగానే నాయనమ్మ మొదలుపెట్టేది.

"ఒక్కసారి చూపించవే. నా కొడుకేగా."

పెద్దమ్మ సామాన్యురాలు కాదు, కోపమొస్తే ఇల్లు పీకి పందిరేసేది. అయినా ఆ ముసలి గొంతు ముందు ఓడిపోయేది. తలుపులు మూసి, పలక వెనక దీపం పెట్టేది. అలా రోజూ. ముందు మఫ్లరు పచ్చదనం పోయింది. తర్వాత బుగ్గల ఎరుపు.

"మసగ్గా ఉన్నాడేంటే? నా కళ్లు పోతున్నట్టున్నాయి."

"అవునత్తయ్యా, కళ్లే."

"అయితే దీపం ఇంకాస్త దగ్గరగా పెట్టు."

పెట్టేది. పెడితే ఏమవుతుందో తెలిసే పెట్టేది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు పెద్దమ్మ మీద కోపమొస్తుంది, ఆమె కాళ్లకు దండం పెట్టాలనీ అనిపిస్తుంది.

నాయనమ్మ పోయాక పెదనాన్న ఆ పలక తీసి చూశాడు. బతికినన్నాళ్లూ మళ్లీ పెద్దమ్మతో మాట్లాడలేదు.

చాలా ఏళ్లకు, పాత ఫొటోలు భద్రపరిచే మ్యూజియం నుంచి ఒకాయన పెదనాన్న పలకల కోసం వచ్చాడు. పెద్దమ్మ పక్కన నేనూ ఉన్నాను. ఆయన ఒక్కో పలకా కిటికీకి ఎత్తి చూశాడు.

"నిన్న తీసినట్టున్నాయండీ. ఎంత బాగా దాచారు!"

నిజమే, ఆ పలకల్లో వీధిన పడి ఉన్నవాళ్ల రక్తం ఇంకా ఎర్రగానే ఉంది. ఎవరి బిడ్డలో వాళ్లు. వాళ్లను చూపించమని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

అట్టడుగున ఉన్న పలక తీసి ఆయన అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఉత్త గాజండీ. పక్కన పడేద్దామా?"

పెద్దమ్మ లేచి వెళ్లి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది.

"వెలుగులో పెట్టకండి, పాడైపోతుంది" అంటూ నల్లగుడ్డలో చుట్టేసింది.