అట్టపెట్టె మీద నా బరుకుడు

మా కరీంనగర్ వైపు పిల్లి గోళ్లతో గీరితే 'బరికింది' అంటారు. ముళ్లకంప తగిలి పిక్క మీద గీతలు పడితే 'బరుక్కపోయింది' అంటారు. గోళ్లకూ ముళ్లకూ చెందిన ఆ మాటను తెచ్చి, తొందరలో అడ్డదిడ్డంగా రాసే రాతకు మొదట ఎవరు తగిలించారో! బహుశా నాలాంటివాణ్ణి చూసే తగిలించి ఉంటారు. ఒమాన్‌లో, మబేలాలోని మా రూములో నా రాతను రాత అన్న పాపాన పోయినవాడు లేడు. అందరికీ అది బరుకుడే. అంటే అననీ, నాకేం సిగ్గు లేదు. చేతికన్నా నా మనసుకు తొందరెక్కువ, అంతే.

మొన్నొకరోజు మాత్రం ఆ బరుకుడు నా గుండె జారేలా చేసింది.

నా పక్క మంచంవాడు, నాకు తమ్ముడిలాంటివాడు, మూడేళ్ల తర్వాత రెండు నెలల సెలవు మీద ఇంటికి బయలుదేరాడు. మర్నాడే కూతురి పుట్టినరోజు. వాడు ఒమాన్ వచ్చేనాటికి ఆ పాప ఒళ్లో పిల్ల. రూవి బజారులో షాపులన్నీ గాలించి కొన్న గులాబీరంగు గౌనును అట్టపెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాడు. ఇక్కడి నుంచి పోయే ప్రతి పెట్టెకూ తాడు బిగించి, నాలుగు వైపులా పేరూ ఊరూ మార్కరుతో రాయడం ఆనవాయితీ. వాడు తాడు బిగిస్తుంటే మార్కరు నా చేతికొచ్చింది. కింద కంపెనీ బండి ఒకటే హారన్. గబగబా నాలుగు వైపులా రాసి, ఒకవైపు నాకు తోచిన ఇంకో ముక్క కూడా చేర్చాను.

"గిదేందన్నా, గిట్ల బరికినవ్! పెట్టె తప్పిపోతే ఎవడు సదువుతడే?" అన్నాడు వాడు.

"నోర్మూస్కొని బండెక్కు. కలెక్టరు దస్తూరి గావాల్నా నీకు?" అని కసిరాను.

కసిరానే గానీ, ఆ రోజంతా డ్యూటీలో మనసు మనసులో లేదు. పెట్టె నిజంగానే తప్పిపోతే? మూడేళ్ల తర్వాత కనబడే బిడ్డ ముందు వాడు ఉత్త చేతులతో నిలబడాలా? తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఇంటి నుంచే ఫోన్ చేశాడు. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో బెల్టు మీద అన్నీ అలాంటి పెట్టెలే, అదే పాలపొడి అట్ట, అదే నీలం తాడు. ఇంకొకాయన వాడి పెట్టెను ట్రాలీలో వేసుకుని నాదంటే నాదని గొడవకు దిగాడట. ఎయిర్‌పోర్టు మనిషి వచ్చి, మీద ఏం రాసుందో చదవమన్నాడట. ఆ ట్రాలీ ఆయన పెట్టెను తిప్పి తిప్పి చూసి నీళ్లు నమిలాడట. మావాడు మాత్రం గడగడా చదివాడట: "పైన పాప గౌనుంది, పెట్టె తిరగేయొద్దు." తాడు విప్పి చూస్తే పైనే గౌను.

"నీ బరుకుడు నాకొక్కనికే సమజైతదన్నా. దినాం నీ కూరగాయల చిట్టీలు సదివి సదివి కండ్లకు అలవాటైంది" అని పకపకా నవ్వాడు. వెనక పాప కేరింతలు. గౌను వేసుకుని ఇల్లంతా తిరుగుతోందట.

ప్రాణానికి హాయిగా అనిపించింది. ఫోన్ పెట్టేసి, నవ్వుకుంటూ ఆ పూట కూరగాయల చిట్టీ రాశాను. దాన్ని చదవగలిగినవాడు రెండు నెలల దాకా రాడని రాయడం అయ్యాక గానీ గుర్తురాలేదు.