ఎర్రవైపు తిప్పిన బిళ్ళ

చువ్వ మాస్టారంటే ఆ బ్రెజిల్ వంటల హోటల్లో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో! నిప్పుల మీద కాల్చిన మాంసం గుచ్చిన బారెడు చువ్వ ఒక చేత, కత్తి ఇంకో చేత పట్టుకుని బల్లల మధ్య తిరగడం ఆయన ఉద్యోగం. కావాలన్నవాళ్ళ పళ్ళెంలోకి పల్చగా కోసి వెయ్యాలి. ఎంత తిన్నా ఒకటే రేటు. ప్రతి పళ్ళెం పక్కనా ఒక అట్టబిళ్ళ ఉంటుంది. పచ్చవైపు పైకి ఉంటే పెట్టమని, ఎర్రవైపు ఉంటే వద్దని. నోరు విప్పే పనే లేదు.

ఈ పద్ధతి మొదట్లో ఆయనకు ఒంటబట్టలేదు. ఎలా పడుతుంది చెప్పండి? తల్లి పోయాక అక్క చేతి ముద్దలతో పెరిగిన మనిషి. ఆ ఇంట్లో "చాలు" అంటే ఇంకో గరిటె పడ్డట్టే. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే అక్క ఆ చేతిని పక్కకు నెట్టి మరీ వడ్డించేది. "చాలట, చాలు! గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు, నోర్మూసుకుని తిను" అనేది. నోరు తెరిచి అడిగి పెట్టించుకోవడం వాళ్ళకు నామోషీ.

ఆ అలవాటు కొద్దీ, చేరిన కొత్తలో ఎర్రబిళ్ళ పెట్టుకున్న ఒక పెద్దమనిషి పళ్ళెంలో "ఇంకొక్క ముక్క, నా మాట వినండి" అంటూ వేసేశాడు. పెద్దమనిషి కస్సుమన్నాడు. మా అక్క ఇలాగే పెట్టేదని నసిగితే, మేనేజరు అందరి ముందూ దులిపేశాడు. "ఇదేమన్నా మీ అక్కగారిల్లనుకున్నావా?" అంటే వంటవాళ్ళంతా పగలబడి నవ్వారు. తలకొట్టేసినట్టయింది మాస్టారికి. అప్పటినుంచీ ఎర్రబిళ్ళ కనిపిస్తే, సాక్షాత్తూ దేవుడొచ్చి కూర్చున్నా అక్కడ ఆగడు. హోటల్లో అంత నిక్కచ్చి మనిషి ఇంకొకడు లేడని పేరు కూడా తెచ్చుకున్నాడు.

ఇక అక్కతో చెడింది కూడా తిండి మాటతోనే. తన కాపురంలో వేలు పెడుతోందని ఒకనాడు ఒళ్ళు మండి, "నాలుగు ముద్దలు పెట్టావని జీవితాంతం నీ కాళ్ళ దగ్గర పడుండాలా?" అనేశాడు. తర్వాత నాలుక కరుచుకుని ఏం లాభం? అక్క మారు పలకకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. రెండేళ్ళు మాటల్లేవు. వెళ్ళి "తప్పయిందక్కా" అంటే తీరిపోయేదానికి, పట్టుదల! ఆ పౌరుషం మండిపోను.

ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర్నుంచి చువ్వ తీసుకుని వస్తూ చూస్తే, కిటికీ పక్క బల్ల దగ్గర అక్క! పక్కన మేనకోడలు. గిరుక్కున వెనక్కి వెళ్ళి, అక్కకు ఇష్టమని అంచు కాస్త మాడిన కండ ఉన్న చువ్వ ఏరి తెచ్చుకున్నాడు. ఒక్క ముక్క ఆ పళ్ళెంలో పడితే చాలు, మాటలు వాటంతటవే వస్తాయనుకున్నాడు.

దగ్గరికెళ్ళాడు. మేనకోడలి బిళ్ళ పచ్చ. అక్క బిళ్ళ ఎర్ర.

"బాగున్నావా మామయ్యా?" అంది పిల్ల. తలూపి, ఆమె పళ్ళెంలో కోసి వేశాడు. అక్క తలెత్తలేదు. నా చేతి ముక్క కూడా వద్దా అక్కా, అనుకున్నాడు. పక్క బల్లకు వెళ్ళిపోయాడు. మనసాగక మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. బిళ్ళ ఎర్రగానే ఉంది. అక్క కాసిని ఆకులూ కీరా ముక్కలూ తిని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మేనకోడలు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

"ఏంటి మామయ్యా, అలా చేశావు? అమ్మ నీకోసమే వచ్చింది. బిళ్ళ నేను తిప్పబోతే చెయ్యి పట్టుకుంది. 'ఉండవే, వాడు అడిగితేనే పెట్టానా నేను? వద్దన్నా పెడతాడు చూడు' అంది. నువ్వొచ్చిన ప్రతిసారీ పళ్ళెం నీవైపు జరిపింది. అదీ చూళ్ళేదా?"

చూడలేదు. ఆయన చూసింది బిళ్ళనే. హోటల్ రూలు పాటించడంలో ఆరితేరి, పెంచిన మనిషిని పస్తు పంపాడు.

సెలవు దొరగ్గానే అక్క ఇంటికి పరిగెత్తాడు. తలుపు తీసి "రా" అంది. గుమ్మంలోనే "తప్పయిందక్కా" అన్నాడు, కళ్ళనీళ్ళతో.

"ఎప్పటి మాటల్లేరా, పోనీ. కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని."

కోపం లేదు, నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేది. పీట వేసి వడ్డించింది. ఉద్యోగం సంగతి అడిగింది. సగం తిన్నాక గరిటెతో మళ్ళీ వచ్చింది. మాస్టారు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, చిన్నప్పటిలా తల అటూ ఇటూ ఊపుతూ, "చాలక్కా, చాలు" అన్నాడు. అని, అక్క ఆ చేతిని ఎప్పుడు పక్కకు నెట్టేస్తుందా అని చూస్తూ కూర్చున్నాడు.

అక్క ఆగింది. ఒక్క క్షణం ఆ చేతివైపు చూసింది.

"సరే" అని గరిటె గిన్నెలో పెట్టి, మూత వేసింది.

ఆయన చెయ్యి చాలాసేపు పళ్ళెం మీదే ఉండిపోయింది.